పదకొండు స్క్రూలు

షెఫీల్డ్‌లో నా పని చచ్చిన ఫోన్లతో.
మూర్ మార్కెట్లో, చేపల బల్లకీ చీజు కొట్టుకీ మధ్య
మంచమంత చోటు.
పొద్దున పదింటి నుంచీ హీట్ గన్ను, పట్టకారు, భూతద్దం.
వేడి తగిలితే జిగురు కరుగుతుంది,
పాల మీద మీగడలా వీపు లేస్తుంది.
లోపల అన్నీ ఒకటే:
నల్లటి బ్యాటరీ, పచ్చటి పలక,
ఎవరి జేబులోదో ఇంత నూగు.

ఎనిమిదేళ్లలో ఏ ఫోనూ నన్ను పిలవలేదు.
మిఠాయి కొట్టువాడికి లడ్డూ మీద ఉండేపాటి మోజు
నాకు వాటి మీద.

అలాంటిదాన్ని,
అక్టోబరు చివర ఒక మంగళవారం
ట్రామ్ కోసం పరిగెడుతూ ఫార్గేట్ దగ్గర
ఒక కొట్టు కిటికీ ముందు ఆగిపోయాను.

వీపు లేదు దానికి.
ఉంది గానీ, గాజు.
గాజు కింద స్క్రూలు, రాగి చుట్ట, సన్నటి తెల్ల పట్టీలు,
ఒక మూల ఎర్రటి చుక్క.
పేగులు చూపించుకుంటూ వెల్లకిలా పడుకున్న
ఆ సిగ్గులేనితనానికి
నా మొహం వేడెక్కింది.

ట్రామ్ వెళ్లిపోయింది.
ఇంకోటి కూడా.

తర్వాత రోజూ చుట్టుదారే.
ధర చూశాను: మా గది అద్దెకి ఇరవై పౌండ్లు తక్కువ.
అవసరమా, అంది నాతో ఉండే నీలోఫర్.
అవసరమైతే ఇన్నిసార్లు చూస్తానా!
బియ్యం బస్తాని ఎవరైనా
రోజూ వెళ్లి చూసొస్తారా?

స్క్రూలు లెక్కపెట్టాను. పదకొండు.
నిద్ర పట్టని రాత్రి ఒక్కొక్కటీ విప్పాను,
మళ్లీ బిగించాను,
ఉత్తి వేళ్లతో, దుప్పటి మీద.

డిసెంబరులో అదే నా బల్ల మీదికి వచ్చింది.
తెచ్చింది స్టానిఫోర్త్ గారు, ఎనభైకి దగ్గర,
కత్తుల కార్ఖానాలో నలభై ఏళ్లు పిడులు బిగించిన మనిషి,
కుడి బొటనవేలికి గోరు లేదు.
"లోపలి పనితనం కనిపిస్తుందని కొన్నానమ్మా,
మెట్ల మీద జారింది."

ఆయన్ని స్టూలు మీద కూర్చోమని
హీట్ గన్ను అందుకున్నాను.
చేతులు వణికాయి, నవ్వొచ్చింది నాకే.
పగిలిన గాజు పెచ్చు పెచ్చుగా ఎత్తి
మొదటి స్క్రూ మీద డ్రైవర్ ఆనించాను.
తిరగలేదు.
రెండోదీ తిరగలేదు.
భూతద్దం కిందికి లాగాను:
అచ్చు పోసిన ప్లాస్టిక్. తలే ఉంది, కాలు లేదు.
రాగి చుట్ట ఏ తీగకీ తగల్లేదు.
ఎర్ర చుక్క ఉత్త రంగు.
ఆ రేకంతా ఒక్క ముక్కలో లేచొచ్చింది,
దాని కింద
నల్లటి బ్యాటరీ, పచ్చటి పలక.
నూగు ఒక్కటే ఇంకా చేరలేదు.

పక్క బల్ల మీద ఎవరో
చేప పొలుసు గీస్తున్నారు, గీస్తూనే ఉన్నారు.

"ఏమ్మా, పోయిందా?"
లేదన్నాను.
చెప్పాలా వద్దా అని నాలుక కొరుక్కుని
చెప్పేశాను.
పెద్దాయన వంగి చూసి బల్ల అదిరేలా నవ్వాడు.
"కత్తి పిడికి మూడు మేకులుంటాయి చూడు,
నడిమిది మేం ఊరికే పెట్టేవాళ్లం.
పట్టుకి రెండు చాలు.
మూడోది లేకపోతే ఎవరూ కొనరు.
నేను అన్నిటికన్నా ఎక్కువ
మెరుగు పెట్టింది దానికే."

కొత్త గాజు వేసిచ్చాను.
స్వెటర్ అంచుతో తుడుచుకుని
వీపు బయటికి కనిపించేట్టు
చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లాడు.

ఆ సాయంత్రం సన్నటి వాన.
ఇక చుట్టుదారి ఎందుకని బయల్దేరి
ఫార్గేట్ దగ్గరే తేలాను.
కిటికీలో అది అలాగే ఉంది,
అబద్ధాలన్నీ తళతళలాడించుకుంటూ.
అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడి
నడిమి స్క్రూ ఏదో వెతికాను.
ఆరోది.

వెనక ట్రామ్ గంట కొట్టింది.
పోనిచ్చాను.